చేపా రాలేదు, తుఫానూ రాలేదు

ప్రశ్న: ఆంటీ గారికి వందనాలు. నా వయసు 29. పెరంబూరులో ఉంటాం. మాది మొదట ఒంగోలు వైపు, తాతల కాలం నుంచి బాప్టిస్టులం. నాన్న రైల్వేలో పనిచేసేవారు, నాలుగేళ్ళ క్రితం పోయారు. నేను మైలాపూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ నర్సుని. జీతం 32 వేలు. విదేశాలకి వెళ్ళే నర్సులు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ పాసయ్యాను. యూకే వెళ్ళడానికి ఏజెన్సీ వాళ్ళు కాగితాలు సిద్ధం చేస్తున్నారు. పోయిన ఏడాది మా సంఘం యూత్‌తో కలిసి విజయనగరం అవతల ఒక మిషన్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళి రెండు వారాలు డ్రెస్సింగులు చేశాను. అక్కడి నర్సింగ్ సూపరింటెండెంట్ ఈమధ్య ఫోన్ చేసి మూడేళ్ళకి రమ్మన్నారు. జీతం 18 వేలు, క్వార్టర్స్ ఇస్తారు. అప్పటినుంచీ ప్రార్థనలో కూర్చుంటే అదే గుర్తొస్తోంది. అమ్మ మాత్రం అన్నం మానేసింది. "కుష్ఠు వాళ్ళని ముట్టుకున్న పిల్లని ఎవరు చేసుకుంటారు" అంటోంది. అదే వారం లండన్ దగ్గర ఉన్న అబ్బాయి సంబంధం వచ్చింది. చెల్లి పెళ్ళికి చేసిన అప్పు ఇంకా 3 లక్షల 80 వేలు ఉంది, రెండు రూపాయల వడ్డీ. సంఘ పెద్ద ఒకాయన "తల్లిని ఏడిపించి చేసే సేవ దేవుడు అంగీకరించడు" అన్నారు. పాస్టర్ గారేమో యోనా కథ చెప్పి, పారిపోతే చేప మింగుతుందన్నారు. సేఫ్‌గా ఉండాలనుకోవడం పాపమా ఆంటీ? ఇది పిలుపా, నా మొండితనమా?
పేరు వద్దు, చెన్నై

సమాధానం:

తల్లీ,

అప్పు ఎంతో, వడ్డీ ఎంతో, రెండు చోట్లా జీతం ఎంతో అన్నీ రాశావు. లండన్ దగ్గర ఉన్న అబ్బాయి గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం. అతను ఏం చేస్తాడు, నువ్వు మాట్లాడావా, నచ్చాడా, ఏమీ లేదు. ఉత్తరం చదువుతూ నేను ఆగింది అక్కడే. అందుకే ముందు ఆ మాటే. ఆ సంబంధం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని అమ్మతో సూటిగా చెప్పు. "దేవుడు నన్ను వేరే చోటికి పిలుస్తున్నాడు" అంటూ పిలుపు వెనకాల దాక్కోకు. మన సంఘాల్లో ఇది చాలా చూశాను. లెక్కలు రాని కుర్రాడికి హఠాత్తుగా బైబిల్ కాలేజీ పిలుపు వస్తుంది. అత్తగారితో పడని కోడలికి వేరే ఊళ్ళో పరిచర్య దొరుకుతుంది. వాటిలో నిజమైనవీ ఉంటాయి, కాదనను. కానీ రెండింటినీ కలిపి ముడేస్తే ఏది దేవుడిదో, ఏది మనదో మనకే తెలియకుండా పోతుంది. అబ్బాయి సంగతి విడిగా తేల్చు. ఒకవేళ నచ్చి ఉంటే అతన్నే అడుగు, మూడేళ్ళు ఆగుతావా అని. ఆ జవాబుతో అతని గురించి కూడా నీకు చాలా తెలుస్తుంది.

ఇక యోనా. పాస్టర్ గారి మీద గౌరవంతోనే చెబుతున్నా, ఆ కథ నీకు అతకదు. నీనెవె పట్టణానికి వెళ్ళి హెచ్చరించమని దేవుడు పంపితే యోనా ప్రాణభయంతో పారిపోయినట్టు మనం సండే స్కూల్ నుంచి వింటూ వచ్చాం. నాలుగో అధ్యాయం తీసి చూడు, ఎందుకు పారిపోయాడో అతనే చెబుతాడు. నువ్వు కరుణ గలవాడివి, నీనెవె వాళ్ళని క్షమించేస్తావని నాకు ముందే తెలుసు, అందుకే తర్షీషుకి బయల్దేరాను అంటాడు. శత్రువులు బతికిపోతారని అతని ఏడుపు. నువ్వు ఆ రోగుల పుళ్ళు కడిగి వచ్చిన పిల్లవి, వాళ్ళు బాగుపడాలని కోరుకునేదానివి. నీకూ యోనాకీ పోలికేమిటి?

నీకు దగ్గరగా ఉండే మనిషి ఎస్తేరు, పర్షియా రాజుకి రాణి అయిన యూదు పిల్ల. యూదులందరినీ చంపమని ఆజ్ఞ వెలువడినప్పుడు, రాజు దగ్గరికి వెళ్ళి మాట్లాడమని ఆమెని పెంచిన మొర్దెకై కబురు పంపితే ఆమె మొదట ఏమంది? పిలవకుండా రాజు ముందుకి వెళ్తే చావే, ముప్ఫై రోజులుగా నన్ను పిలవలేదు అంది. ముందు మాట్లాడింది భయమే. బైబిలు ఆ మాటని దాచలేదు, దానికి ఆమెని తిట్టనూ లేదు. తర్వాత తనతో పాటు అందరూ మూడు రోజులు ఉపవాసం ఉండాలని అడిగింది. నశిస్తే నశిస్తాను అన్నది అప్పుడే. వెళ్ళాక కూడా విషయం గబగబా బయటపెట్టలేదు. రాజుకి రెండు విందులు చేసి, సమయం చూసి చెప్పింది. ఈ విందుల సంగతి ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు, నాకు మాత్రం ఆ కథలో అదే ఇష్టం. అంత ప్రమాదంలో ఉన్న మనిషి కూర్చుని వంటలు పురమాయించింది చూడు!

సేఫ్‌గా ఉండాలనుకోవడం పాపమా అన్నావు. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే ఈ గిన్నె నా దగ్గర నుంచి తొలగించమని అడిగాడు. అడగడం పాపమైతే ఆయన అడిగి ఉండడు. యూకే వెళ్ళడమూ పాపం కాదు. నీ తోటి పిల్లలు ఎంతమంది అక్కడ నైట్ డ్యూటీలు చేసి ఇక్కడ అప్పులు తీర్చలేదు?

అయితే నా సంగతి ఒకటి చెప్పాలి. ఇది చెప్పకుండా నీకు సలహా ఇస్తే అన్యాయమవుతుంది.

1997. మా ఆయనది బ్యాంకు ఉద్యోగం, నేను స్కూల్లో టీచర్ని. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజన పిల్లల హాస్టల్ చూసుకోవడానికి రెండేళ్ళు రమ్మని, తెలిసిన ఒక మిషన్ వాళ్ళు మమ్మల్ని అడిగారు. ఆయన సరేనన్నారు. నేను "ప్రార్థన చేసి చెబుతాను" అన్నాను. ప్రార్థన చెయ్యలేదు తల్లీ. చేస్తే జవాబు వస్తుందేమోనని భయం. వారం ఆగి, దేవుడు నాతో ఏమీ మాట్లాడలేదన్నాను. పిల్లల చదువులు అన్నాను, మలేరియా అన్నాను. అందరూ నిజమే అన్నారు.

ఆ తర్వాత ఏమైందంటే, ఏమీ కాలేదు. చేపా రాలేదు, తుఫానూ రాలేదు. పిల్లలు బాగా చదువుకున్నారు. ముడిచూరులో ఇల్లు కొనుక్కున్నాం. 2015 డిసెంబరు వరదల్లో ఆ ఇంట్లోకి ఛాతీ లోతు నీళ్ళొచ్చి పడవలో బయటపడ్డామనుకో. అది శిక్ష అని మా చుట్టం ఒకావిడ తేల్చేసింది. ముడిచూరంతా మునిగింది, మా వీధి చివర పాస్టర్ గారి ఇల్లు కూడా మునిగింది, ఆయనేం తప్పు చేశాడట? వరద సంగతి నేనెప్పుడో మర్చిపోయాను. నన్ను తొలిచేది వేరే. 1997 తర్వాత చాలా ఏళ్ళు నేను దేవుణ్ణి "నేనేం చెయ్యాలి" అని అడగలేదు. పిల్లల పరీక్షలు అడిగాను, మా ఆయన షుగర్ తగ్గాలని అడిగాను, ఇంటి లోను శాంక్షన్ కావాలని అడిగాను. ఆ ఒక్కటీ అడగలేదు. అడగడం మానేశానన్న సంగతి కూడా నాకు తెలియలేదు. ఏటా జనవరి ఒకటిన వాగ్దాన కార్డు తీసుకునేదాన్ని. ఒక ఏడాది కాపాడతాను అని వచ్చేది, ఒక ఏడాది హెచ్చిస్తాను అని వచ్చేది. సిలువ ఎత్తుకుని వెంబడించమనే వాక్యం ఉన్న కార్డు ఇన్నేళ్ళలో నాకు ఒక్కటీ రాలేదు. ప్రింటు వేసేవాళ్ళు అవి వేయరనుకుంటా. వేస్తే మాత్రం ఎవరు కొంటారు!

మీది ఒంగోలు వైపు అన్నావు కాబట్టి ఇంకోటి. డ్యూటీకి వెళ్తూ ఎంఆర్‌టీఎస్ రైల్లోంచి చూస్తావే, ముక్కు మూసుకునే ఆ బకింగ్‌హామ్ కాలువ, 1876-78 కరువులో దాని పనులు పైన మన జిల్లాల్లో జరిగాయి. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, కరువులో జనానికి కూలి దొరకాలని ఆ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. వేల మంది వచ్చి తవ్వారు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్ళకి మాత్రం కరువు తీరేదాకా ఇవ్వలేదు. కూటి కోసం వచ్చామని రేపు ఎవరూ అనకూడదని. తర్వాత 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ సంఖ్య మనకి చిన్నప్పటి నుంచి తెలుసు. దాని వెనక ఉన్నవాళ్ళే సరిగ్గా తెలియదు. అంతకు పన్నెండేళ్ళ ముందు, 1866లో ఎర్రగుంట్ల పేరయ్య క్రీస్తుని నమ్ముకున్నప్పటి నుంచీ ఆ మాదిగ కుటుంబాలు ఎన్ని పడ్డాయో చూడు. జాతరలో డప్పు కొట్టం, చచ్చిన గొడ్డు మాంసం తినం, ఆదివారం పనికి రాం అన్నారు. ఊరి పెద్దలు బావి దగ్గరికి రానివ్వలేదు, పనులు ఆపేశారు. వాళ్ళకి వదులుకోవడానికి సుఖమంటూ లేదు, ఉన్న కాస్త కూడూ నీళ్ళే వదులుకున్నారు. మీ అమ్మగారి ముత్తాతలు వాళ్ళలో ఉన్నారేమో అడుగు. అప్పుడు ఆ తల్లులు కూడా ఏడ్చే ఉంటారు.

ఇప్పుడు అమ్మ భయం. అది రెండు భయాలు. ఒకటి జబ్బు అంటుకుంటుందని. ఇది నీకు తెలిసిన విషయమే, అమ్మకి చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నా. మనుషుల్లో నూటికి 95 మందికి ఈ సూక్ష్మజీవిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. ఇది వంశపారంపర్యం కాదు. మూడు మందులు కలిపి ఇచ్చే ఎండీటీ చికిత్స మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగి నుంచి ఇంకొకరికి సోకడం ఆగిపోతుంది. రోగాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. నువ్వు డ్రెస్సింగ్ చేసిన పుళ్ళలో చాలా వరకు మందులు అయిపోయిన వాళ్ళవే, స్పర్శ లేక తగిలించుకున్నవి. నిజం చెప్పాలంటే ఐసీయూలో నీకున్న రిస్కు దీనికంటే ఎక్కువ. కోవిడ్ రోజుల్లో అమ్మ నిన్ను ఆ డ్యూటీకి పంపింది కదా?

రెండో భయం పెళ్ళి. దాన్ని నేను కొట్టిపారేయలేను. 2005 చివరికి దేశం మొత్తం మీద పదివేల మందికి ఒక్క కేసు కంటే తక్కువ స్థాయికి వచ్చింది, కుష్ఠు పోయిందని జనం అనుకున్నారు. కానీ ఇప్పటికీ ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశంవే. జబ్బు కంటే దాని పేరు మొండిది. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు ఇవ్వొచ్చని మన చట్టాల్లోనే రాసి ఉండేది, అందులో క్రైస్తవుల విడాకుల చట్టం కూడా ఉంది. 2019లో గానీ తీసెయ్యలేదు. చట్టానికే అంతకాలం పడితే పెరంబూరులో మీ అమ్మగారి పక్కింటావిడకి ఎంతకాలం పట్టాలి? కాబట్టి కొన్ని సంబంధాలు తప్పిపోతాయి. అది జరుగుతుందని తెలిసే వెళ్ళు. నువ్వు చెల్లించబోయేది ఎక్కువగా ఇదే, దానితో పాటు ఒంటరితనం.

సంఘ పెద్ద అన్న మాటకి వస్తాను. ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది. మార్కు ఏడో అధ్యాయంలో కొర్బాను అని ఒక మాట వస్తుంది. తల్లిదండ్రులకి ఇవ్వాల్సింది దేవుడికి ఇచ్చేశాం అని చెప్పి చేతులు దులుపుకునేవాళ్ళని ప్రభువు అక్కడ గట్టిగా మందలించాడు. కనుక ఆ 3 లక్షల 80 వేలు గాలికొదిలి "ప్రభువే చూసుకుంటాడు" అని రైలెక్కితే అది కొర్బానే అవుతుంది. నువ్వు వదులుకోగలిగేది నీ సుఖాన్ని. అమ్మది వదులుకునే హక్కు నీకు లేదు. అయితే అమ్మకి నీ దగ్గర రావాల్సింది ఏమిటో కూడా చూడాలి. నాన్న రైల్వే ఉద్యోగి, ఫ్యామిలీ పెన్షన్ వస్తూనే ఉంటుంది. పెరంబూరు రైల్వే ఆసుపత్రి ఇంటి పక్కనే. నువ్వు లేకపోతే అమ్మకి అన్నం ఆగదు, మందులు ఆగవు. తోడు ఆగుతుంది. ఇంకోటి, యూకే వెళ్ళినా ఆ తోడు ఆగేదే కదా! దానికి అమ్మ అన్నం మానలేదు. ఈ మాట అమ్మతో వాదన గెలవడానికి వాడకు, నీ మనసులో ఉంచుకో చాలు.

తోడు గురించి అంటున్నప్పుడు నాకు పాల్ బ్రాండ్ గుర్తొస్తాడు. వెల్లూరులో కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసిన డాక్టరు, నర్సింగ్‌లో విని ఉంటావు. వేళ్ళని తినేది జబ్బు కాదని, నొప్పి తెలియక కాల్చుకుని, కోసుకుని పోగొట్టుకుంటున్నారని చూపించింది ఆయనే. తల్లిదండ్రులు కొల్లిమలై మీద మిషనరీలు. తండ్రి 1929లో జ్వరంతో కొండ మీదే చనిపోయాడు. తల్లి ఎవ్‌లిన్, మిషన్ రిటైర్ చేశాక కూడా సొంతంగా కొండలకి తిరిగెళ్ళి, 1974లో 95 ఏళ్ళకి పోయేదాకా అక్కడి వాళ్ళతోనే ఉంది. కూడికల్లో ఇంతవరకు చెప్పి హల్లెలూయ అంటారు. ఇంకొంచెం ఉంది. ఆ పిల్లవాణ్ణి తొమ్మిదేళ్ళప్పుడు చదువు కోసం ఇంగ్లండ్ పంపారు. మళ్ళీ తండ్రిని చూడలేదు. ఆ కొండల మీది విధేయతకి సగం ధర ఆ పిల్లవాడు కట్టాడు, అతన్ని ఎవరూ అడగలేదు. వాళ్ళు వెళ్ళకూడదనడం లేదు నేను. అడగకుండా ఇంకొకరి మీద బరువు పెడుతున్నప్పుడు కనీసం మనకి తెలిసి ఉండాలి అంటున్నాను. నువ్వు అమ్మని అడగగలవు. అనుమతి దొరక్కపోవచ్చు, అయినా అడుగు.

మొండితనమో పిలుపో ఎలా తెలుస్తుందన్నావు. నాకు తెలిసిన పరీక్ష చాలా మామూలుది. యూత్ ట్రిప్‌లో తీసుకున్న ఫోటోలు పక్కన పెట్టి అక్కడ చేరిన రెండు వందలో రోజున ఎలా ఉంటుందో ఊహించుకో. నువ్వు ఇప్పించిన, మెత్తటి రబ్బరు అడుగున్న ఎంసీఆర్ చెప్పులు కొత్తగా ఉన్నాయని ఇంట్లో దాచుకుని, ఉత్తకాళ్ళతో పొలానికెళ్ళి, అదే అరికాలి పుండుతో ఒక తాత మూడోసారి వస్తాడు. కరెంటు ఉండదు. లండన్ వెళ్ళిన నీ బ్యాచ్‌మేట్ కొత్త కారు ఫోటో స్టేటస్‌లో పెడుతుంది. ఆ రోజు కూడా అక్కడే ఉండాలనిపిస్తోందా? అనిపిస్తే అది మొండితనమైనా పరవాలేదు, పనికొచ్చే మొండితనమే. ఒప్పుకోరని నీకు తెలిసిన ఇద్దరితో కూడా ఈ విషయం మాట్లాడు. పిలుపైతే ఆ ప్రశ్నలకి చెదిరిపోదు.

నా అభిప్రాయం అడిగితే, వెళ్ళు అంటాను. కాకపోతే వచ్చే నెలలో వద్దు. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 7,600, ఏడాదికి నూటికి 24. అమ్మ ఒప్పుకుంటే నగలు బ్యాంకులో పెట్టి ఆ అప్పు తీర్చేయండి, వడ్డీ సగం కూడా పడదు. అప్పు చెల్లెలి పెళ్ళిది కాబట్టి చెల్లెల్నీ ఆమె భర్తనీ కూర్చోబెట్టి నెలకి ఎంత కడతారో మాట తీసుకో. మొహమాటపడకు, ఈ ఒక్క విషయంలో నీ సేవంతా ఆ మొహమాటం దగ్గరే ఆగిపోతుంది. సూపరింటెండెంట్ గారిని ఏడాది గడువు అడుగు. నీకున్న 32 వేల జీతంతో ఈ ఏడాది అప్పు సగానికి దింపొచ్చు. పీఎఫ్, ఇన్సూరెన్స్, సెలవులు ఏమిటో కాగితం మీద రాయించుకో. మిషన్ ఆసుపత్రి కదా, అడిగితే విశ్వాసం లేదనుకుంటారేమో అని ఊరుకోకు, మంచివాళ్ళు ఏమీ అనుకోరు. ఏజెన్సీ వాళ్ళకి కూడా నిజం చెప్పెయ్యి. ఓఈటీ స్కోరు ఎప్పటిదాకా చెల్లుతుందో చూసుకుని, అది గడువు దాటిపోవచ్చని తెలిసే నిర్ణయం తీసుకో. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి "ప్రభువా నీ చిత్తం" అనడం నేను చేసిన పనే, నువ్వు చెయ్యకు.

సంతకం పెట్టే ముందు అమ్మని అక్కడికి తీసుకెళ్ళు. ప్రసంగం వద్దు, వాదన వద్దు. నాలుగు రోజులు క్వార్టర్స్‌లో ఉంచి, నువ్వు డ్రెస్సింగులు చేస్తుంటే వార్డు వరండాలో కూర్చోనివ్వు. అక్కడ ఆవిడ వయసు ఆడవాళ్ళు ఉంటారు, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని అడగకుండా మీ అమ్మ ఉండలేదు. ఇంటికొచ్చాక కూడా వద్దనే అనొచ్చు. అప్పుడు మళ్ళీ నాకు రాయి. హౌరా మెయిల్ విజయనగరం మీదుగానే వెళ్తుంది, అరవై రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. 45 దాటిన ఆడవాళ్ళకి లోయర్ బెర్త్ కోటా ఉంది, టికెట్ తీసేటప్పుడు అమ్మ వయసు సరిగ్గా వెయ్యి.